పొల్లు పోయిన జంట

పరిపాలన యావత్తూ మాతృభాషలోనే సాగాలని ప్రభుత్వం నిశ్చయించుకున్న సంవత్సరంలో ఓక్-జూ అనే కొరియా గాయనికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. ఆ ముందు సంవత్సరం ఆమెకు ముప్ఫై ఐదు నిండాయి. మనుషుల వయసు సాధారణంగా ఈ దిశలో నడవదు కనుక, నడిచిన తీరు వివరించవలసి ఉంది.

ఓక్-జూ, మీ-రన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు ‘దల్‌దల్’ అన్న పేరుతో పాప్ పాటలు పాడే జంట. వాళ్ళ భాషలో దల్ అంటే చందమామ. ఆ రంగంలో పాట రావడం రెండో అర్హత. మొదటిది పంతొమ్మిదేళ్ళ వయసు. అది ఒకసారి వచ్చాక మళ్ళీ పోకూడదు. దాన్ని పోకుండా కాపాడే బాధ్యత కంపెనీది. ఏం తినకూడదో, ఎంతసేపు నిద్రపోవచ్చో, ఏ చెంప కెమెరాకు చూపాలో, ఎవరిని ప్రేమించకూడదో కంపెనీయే చెబుతుంది. ఎవరిని ప్రేమించవచ్చో చెప్పిన దాఖలా లేదు. వాళ్ళకు పేరు తెచ్చిన పాట పల్లవిలో ‘ఊ’, ‘ఆ’ అన్న రెండు శబ్దాలు తప్ప మరేమీ లేవు. దాన్ని రాయడానికి ముగ్గురు కవులు పనిచేశారు.

తెలుగుదేశంలో జరిగే విశ్వ యువజన సంగీతోత్సవానికి వాళ్ళను ప్రయాణం చేయిస్తూ కంపెనీ మేనేజరు బేక్ విషయం దాచకుండా చెప్పాడు. “ఈ ఉత్సవంతో జంట ముగుస్తుంది. మీ-రన్‌కు ముప్ఫై ఒకటే కనుక ఒంటరిగా మరికొంతకాలం లాగవచ్చు. ఓక్-జూ, నువ్వు పెద్దదానివి. నిన్ను గౌరవ శిక్షకురాలిని చేస్తాం.”

గౌరవం అన్న మాట వృత్తి మొదట్లో ఎవరూ వాడరని ఓక్-జూకు తెలుసు. అయినా ఆమె దిగులు తన గురించి కాదు. వేదిక ఎక్కే ముందు మీ-రన్ ఆమె చిటికెన వేలు పట్టుకుంటుంది. పట్టుకోనిదే కాలు కదలదు. ఒంటరిగా పాడడం అటుంచి, మీ-రన్ ఒంటరిగా లిఫ్టు కూడా ఎక్కదు.

ఈ ప్రయాణంలో ఓక్-జూకు రహస్యమేమీ కాని ఇంకొక విశేషం ఉంది. ఆమె తండ్రి మగ్గాల యంత్రాలు బిగించే ఇంజనీరు. ఆ పని మీద ఆయన ఒక తెలుగు పట్నంలో కాపురం పెట్టినప్పుడు ఆమె అక్కడి మునిసిపల్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు టీచరు పంకజవల్లిగారికి ఒక నియమం ఉండేది. హల్లు నెత్తిన పొల్లు పెట్టడం మరిచిన వాళ్ళకు స్కేలు నిలువుగా తిప్పి వేళ్ళ కణుపుల మీద ఒకటి వేసేవారు. అందువల్ల ఓక్-జూ మెదడు తెలుగు కొంత మరిచిపోయినా, కణుపులు ఏమీ మరిచిపోలేదు.

విమానాశ్రయం బయటికి రాగానే ఆ కణుపులు చురుక్కుమన్నాయి. ఎదురుగా మల్లెపూల తోరణం, దాని కింద పసుపు బట్ట మీద ఎర్రని అక్షరాలు: ‘కొరియన్ పాప జంటకు స్వాగతం.’

“ఒన్నీ, ఏం రాశారు?” అంది మీ-రన్. ఒన్నీ అంటే వాళ్ళ భాషలో అక్క.

“మనం పసిపాపలమని రాశారు.”

“మేకప్ బాగా కుదిరిందన్నమాట,” అంది మీ-రన్.

తోరణం కింద ప్రజాభిరుచి వికాస మండలి కార్యదర్శి దండిభొట్ల సర్వోత్తమరావు నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో పూలగుత్తి లేదు. రెండు గిలక్కాయలున్నాయి. ఒకటి ఓక్-జూ ముఖం ముందు పెట్టి ఆయన శాస్త్రోక్తంగా ఆడించాడు.

“సార్,” అంది ఓక్-జూ తెలుగులో, “పాప్ అన్న మాటకు పొల్లు పోయిందండి.”

సర్వోత్తమరావు ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోవడం తన హోదాకు తగదని గుర్తు వచ్చి వెంటనే విరమించుకున్నాడు. “చూడు పాపా,” అన్నాడు, సంచిలోంచి ఒక కాగితం తీసి. “ఇది ప్రభుత్వ ఉత్తర్వు. చదవగలిగితే చివరి వాక్యం చదువు.”

ఓక్-జూ చదివింది. “‘పై ఆదేశములను సంబంధిత శాఖలన్నియు పొల్లు పోకుండా అమలు చేయవలెను.’”

“విన్నావు కదా. పొల్లు పోకూడదని ఉత్తర్వే సెలవిస్తోంది. అటువంటి ఉత్తర్వులో పొల్లు ఎలా పోతుంది?”

“పోయిందండి. పైన చూడండి. ‘కొరియన్ పాప జంట’ అని ఉంది. మేం పాప్ పాడేవాళ్ళం. నాకు ముప్ఫై ఆరో ఏడు నడుస్తోంది. పాస్‌పోర్టు చూపిస్తాను.”

“పాస్‌పోర్టు విదేశీ పత్రం. దాన్ని గౌరవిస్తాం. నమ్మవలసిన అవసరం మాకు లేదు.” ఆయన గొంతు కాస్త మెత్తబడింది. “ఇటువంటి సందేహాలు ఇదివరకూ వచ్చాయి పాపా. ఒక మారుమూల ఊరివాళ్ళు బస్ సౌకర్యం కావాలని మొరపెట్టుకున్నారు. ‘బస సౌకర్యము కల్పించవలెను’ అని ఉత్తర్వు వెలువడింది. బ్రహ్మాండమైన బస కట్టించాం. చలువరాతి నేల, పదహారు గదులు. ఈనాటికీ ఆ ఊరివాళ్ళు బస్ కోసం ఆ బసలోనే కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఒక్కరి మీద వాన చినుకు పడలేదు.”

తర్వాత ఆయన వాళ్ళను వాహనం దగ్గరికి నడిపించాడు. అది శిశు సంరక్షణ శాఖవారి వాహనం. లోపల సీట్లు తీసేసి రెండు ఉయ్యాలలు వేలాడదీశారు. మీ-రన్ ఒకదానిలోకి ఎక్కి కాళ్ళు బయటికి చాపుకుంది. ఊరు చేరేలోగా ఆమెకు నిద్రపట్టింది.

శిశు సంరక్షణ కేంద్రంలో పర్యవేక్షకురాలు నూకరత్నం వాళ్ళను ఎగాదిగా చూసింది. తన ఉద్యోగ జీవితంలో ఆవిడ ఎన్నో ఉత్తర్వులు అమలు చేసింది. ఎత్తుకోవడానికి వీలులేని పాపలు రావడం ఇదే మొదలు. కానీ ఆవిడ పద్ధతి గల మనిషి.

“మూడేళ్ళు దాటితే బాలిక,” అని ఆవిడ రాసుకుంటూ పైకే చదివింది. “దాటకపోతే పాప. ఉత్తర్వులో పాప అనుంది కాబట్టి దాటలేదు. జంట పాపలంటే కవలలే. పుట్టినరోజు ఇద్దరికీ ఒకటే రాసేస్తన్నాను.”

“మా ఇద్దరికీ నాలుగేళ్ళు తేడా ఉందండి,” అంది ఓక్-జూ.

“నాలుగేళ్ళ తేడాతో కవలలు పుట్టరమ్మా. తల్లికెంత కష్టం.”

తరువాత తూకం. గోడ మీది పట్టికలో మూడేళ్ళలోపు పిల్లల బరువులన్నీ ఉన్నాయి. ఓక్-జూ బరువు పట్టిక దాటి, గోడ దాటి, కిటికీ అవతల ఎక్కడో ఉంది. నూకరత్నం పట్టికను చూసింది, ఓక్-జూ జబ్బను రెండు వేళ్ళతో పట్టి చూసింది.

“పట్టికేమో బొద్దుగున్నారంటంది. నా కళ్ళేమో పుల్లల్లాగున్నారంటన్నాయి. ఏటమ్మా ఇది, మీ ఊర్లో తిండి దొరకదేటి?”

“దొరుకుతుందండి. తిననివ్వరు.”

“ఎవరూ?”

“కంపెనీవారు. లావైతే వయసు కనబడుతుందని.”

నూకరత్నం కలం కింద పెట్టింది. ఇన్నాళ్ళుగా పిల్లలకు తిండి పెట్టని తల్లిదండ్రులను ఆవిడ చాలామందినే చూసింది గాని, ఒక కంపెనీని చూడలేదు. “ఈ పాపకొచ్చేసి కాస్త బరువెక్కువ,” అంటూ మీ-రన్ పేరు పక్కన ‘పెద్ద కవల’ అనీ, ఓక్-జూ పేరు పక్కన ‘చిన్న కవల’ అనీ రాసి, లేచి పోయి అన్నం కలుపుకొచ్చింది. జంట పేరు దల్‌దల్ అని విన్న వంటమనిషి, పప్పు రెండుసార్లు కావాలని అడుగుతున్నారనుకుని రెండు గిన్నెలు వండింది. కందిపప్పు, నెయ్యి, ఉడికించిన గుడ్డు. మీ-రన్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని గుమ్మంవైపు చూసింది.

“ఎవరూ ఫొటో తీయడం లేదు, తిను,” అంది ఓక్-జూ.

మీ-రన్ తిన్నది. తిని, ఇంకొంచెం కావాలని సైగ చేసింది. దిష్టి తగులుతుందని నూకరత్నం ఇద్దరి బుగ్గలకూ కాటుకచుక్క పెట్టి, చుక్కల మందు వేసి, తలుపులు దగ్గరగా వేసి పడుకోమంది. మధ్యాహ్నం నిద్ర నిబంధనల ప్రకారం తప్పనిసరి. కంపెనీలో చేరిన తర్వాత పగటిపూట నిద్రపోవడం ఓక్-జూకు ఇదే మొదటిసారి. లేచాక తుంటి నొప్పి లేదని గమనించి, తనకు తుంటి నొప్పి ఉండేదని అప్పుడు తెలుసుకుంది.

అయినా ఆమె కర్తవ్యం మరవలేదు. పాపలుగా పడుకుని ఉంటే పాడడం కుదరదు, పాడకపోతే ఉత్సవం లేదు, ఉత్సవం లేకపోతే జంట ఇక్కడితోనే సరి. పంకజవల్లిగారు చూసినా తప్పుపట్టలేని తెలుగులో సవరణ కోరుతూ అర్జీ రాసి సర్వోత్తమరావు ముందు పెట్టింది.

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. “దస్తూరీ ముద్దుగా ఉంది. కాని స్వీకరించలేను. మూడేళ్ళలోపు వారు అర్జీ పెట్టుకోరాదు. సంరక్షకులు పెట్టాలి.”

“మా సంరక్షకులెవరండి?”

“ఈ గడ్డ మీద ఉన్నంతకాలం మండలియే.”

“అయితే మండలిని పెట్టమనండి.”

“మండలి మీద మండలియే అర్జీ పెట్టుకుంటే, విచారించవలసింది మండలి. విచారణ ముగిసేవరకు ఆరోపణలకు గురైన మండలి ఏ అర్జీ స్వీకరించరాదు.” ఇందులో లోపమేమీ కనిపించక ఆయన తృప్తిగా వెనక్కి వాలాడు. అయితే ఆయనా సహృదయుడే. ఆ అర్జీని చింపేయకుండా, ‘తగు చర్య నిమిత్తము’ అని రాసి పై అంతస్తుకు పంపాడు. అక్కడ తగు చర్య ఏమిటో ఎవరికీ తెలియదు కనుక అది నిరాటంకంగా ముందుకు సాగిపోయింది.

ఇంతలో ఉత్సవం దగ్గర పడి, మరొక చిక్కు బయటపడింది. పసిపిల్లల చేత వేదిక మీద పాడించడం నేరం. ఈ జంట పాడాలని ఉత్తర్వు. పాడిస్తే చట్టం ఊరుకోదు, పాడించకపోతే ఉత్తర్వు ఊరుకోదు. సర్వోత్తమరావు శిశు శబ్ద నిర్ణాయక ఉపసంఘాన్ని నియమించాడు. అందులో ఒక విశ్రాంత ధ్వనిశాస్త్రజ్ఞుడు, ఒక పిల్లల వైద్యుడు, ఇంట్లో మనవడున్న ఒక సభ్యుడు ఉన్నారు. వారి నివేదికను సర్వోత్తమరావు స్వయంగా జంటకు చదివి వినిపించాడు.

“‘పాపలు గానము చేయరాదు. అయితే పాపలు సహజముగా వెలువరించు ఊ, ఆ, ఉంగా అను ధ్వనులు గానముగా పరిగణింపబడవు. నృత్యము నిషిద్ధము. పాకుట, దోగాడుట, తప్పటడుగులు వేయుట అనుమతింపబడినవి. చప్పట్లకు అభ్యంతరము లేదు గాని, ముందుగా పెద్దలెవరైనా కొట్టి చూపవలెను.’ పాకడానికీ దోగాడడానికీ భేదం మీద ఒక సభ్యుడు అసమ్మతి తెలిపాడు. దాన్ని అనుబంధంగా జతచేశాం.”

ఓక్-జూ ఇదంతా మీ-రన్‌కు కొరియా భాషలో చెప్పింది. మీ-రన్ ఆలోచించి, “అయితే మన పాటలో ఏం మార్చాలి?” అని అడిగింది.

ఓక్-జూ కూడా ఆలోచించింది. “చరణాలు తీసేసి ‘ఉంగా’ చేర్చాలి.”

“చరణాలు ఎవరూ వినేవాళ్ళు కాదులే, ఒన్నీ.”

ఉత్సవం నాటి సాయంత్రం మైదానమంతా యువతరం. వేదిక మీద రెండు ఉయ్యాలలు, ఒక చాప, ఒక మూలగా ఎత్తైన పీట మీద, పెద్దల హోదాలో, నూకరత్నం. తెర వెనుక మీ-రన్ ఓక్-జూ చిటికెన వేలు పట్టుకుంది. “ఇదే ఆఖరు కదా,” అంది.

“నడు,” అంది ఓక్-జూ.

సంగీతం మొదలైంది. దల్‌దల్ జంట బుగ్గల మీద కాటుకచుక్కలతో ఉయ్యాలల్లోంచి దిగి, చాప మీద పాకి, దోగాడి, అసమ్మతి తెలిపిన సభ్యుడికి కూడా భేదం స్పష్టంగా కనిపించేలా ఆ రెండింటినీ వేరువేరుగా చేసి చూపించి, లేచి నిలబడి తప్పటడుగులు వేస్తూ ‘ఊ, ఆ, ఉంగా’ అంది. నూకరత్నం నిబంధన గుర్తు వచ్చి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఆ చప్పుడు ఎవరూ ఆపలేకపోయారు.

మరునాటికి రాష్ట్రమంతా ఉంగా అంటోంది. కళాశాలల్లో విద్యార్థులు తప్పటడుగులు వేస్తూ తరగతులకు వెళ్ళారు. పెళ్ళిళ్ళలో వధూవరులు మండపానికి దోగాడుతూ వచ్చారు. పెద్ద పెద్ద దుకాణాలవారు చొంగగుడ్డలను పెద్దల కొలతల్లో కుట్టించి, అద్దాల్లో వేలాడదీశారు. ఒక విమర్శకుడు ఈ పాటలో అర్థభారం నుంచి భాషకు విముక్తి లభించిందని పేజీన్నర రాశాడు. ఒక నాయకుడు సభలో మూడు ముక్కలు మాట్లాడి ‘ఉంగా’ అని ముగించగా, ఆయన ఇంత స్పష్టంగా మాట్లాడడం ఎన్నడూ వినలేదని జనం మెచ్చుకున్నారు. ఈ గాలి కొరియా వరకూ వీచింది. అక్కడివాళ్ళకు ఉంగా అనువదించనవసరం లేకుండానే అర్థమైంది.

దానితో బేక్ విమానమెక్కి వచ్చాడు. శిశు సంరక్షణ కేంద్రంలో చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఒక పక్క సర్వోత్తమరావు, ఎదురుగా జంట, మధ్యలో పప్పన్నం గిన్నెలు. కొరియా భాష రానివాడు సర్వోత్తమరావు, తెలుగు రానివాడు బేక్. ఇద్దరికీ మధ్య దుబాసీ ఓక్-జూ ఒక్కతే.

“పాట బాగుంది,” అన్నాడు బేక్. “కాని నా నిర్ణయంలో మార్పు లేదు. మీ-రన్ ఒక్కతే ఉంగా అంటుంది. చిన్నదాన్ని ఉంచుకుంటాం, పెద్దదాన్ని పంపుతాం. కంపెనీ నియమం.”

మీ-రన్ చెంచా కింద పెట్టింది.

“ఏటంటన్నాడమ్మా ఆయన?” అంది నూకరత్నం.

“మాలో పెద్దవారిని పంపించేస్తాడటండి.”

“పెద్దదా?” నూకరత్నం అలమారలోంచి ముద్రలు వేసిన పుట్టినరోజు పత్రాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఇద్దరూ ఒకే రోజు పుట్టిన కవలలు. పెద్దదంటే ఆ పాపే, కాస్త బరువని అలా రాశాను. మూడేళ్ళైనా నిండని పిల్లల్ని విడదీస్తాడేటి, బుద్ధుందేటి ఆయనకి?”

ఓక్-జూ ఇందులో చివరి మాట వదిలేసి తక్కినదంతా అనువదించింది. బేక్ పత్రాలు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ముఖం క్రమంగా మారింది. పంతొమ్మిదేళ్ళ వయసును నిలబెట్టడానికి కంపెనీ పడే పాట్లు ఆయనకు తెలుసు. ఇక్కడ ఒక ప్రభుత్వం, ముద్రతో సహా, పంతొమ్మిదికి ఇంకా పదహారేళ్ళ దూరంలో ఉన్న ఇద్దరు గాయనులను చేతికి అందిస్తోంది.

“ఈ కాగితం చెల్లుతుందా?” అన్నాడు చాలా నెమ్మదిగా.

ఓక్-జూ ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చింది. సర్వోత్తమరావు గర్వంగా నిటారుగా కూర్చున్నాడు. “చెల్లుతుంది. ఉత్తర్వు సవరించేవరకు చెల్లుతుంది. ఆ మాట మీదే ఒక శుభవార్త పాపా. నీ అర్జీ పై అంతస్తులన్నీ దాటి మంజూరైంది. ఎవరు పెట్టారో చూసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. కంప్యూటరులో ఎంత ప్రయత్నించినా ఆ ప మీదికి పొల్లు రాలేదు కనుక, ఇప్పుడే ఇక్కడే కూర్చుని నా స్వహస్తాలతో పెట్టాను.” ఆయన ఉత్తర్వు ఆమె చేతికిచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకోసాగాడు.

‘కొరియన్ పాప్ జంట.’ రెండో ప నెత్తిన నీలం సిరాతో ఒక చిన్న కొక్కెం, ఎక్కడ ఉండాలో అక్కడే, ఎంత ఉండాలో అంతే. ఇంకా తడి ఆరలేదు. కొరియా నుంచి వచ్చినప్పటినుంచీ ఓక్-జూ కోరింది ఇదొక్కటే. పంకజవల్లిగారు ఉంటే స్కేలు పక్కన పెట్టి తల నిమిరేవారు.

“ఆ కాగితం ఏమిటి?” అన్నాడు బేక్.

బల్ల కింద మీ-రన్ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె చిటికెన వేలు పట్టుకుంది.

“సార్,” అంది ఓక్-జూ తెలుగులో, “ఇక్కడేదో సిరా మచ్చ పడిందండి.”

సర్వోత్తమరావు కళ్ళజోడు లేని కళ్ళతో అటు చూశాడు. ఆయనకు కాగితం కనిపించింది గాని కాగితం మీద ఏముందో కనిపించలేదు. “తుడిచెయ్యి పాపా,” అన్నాడు. “ప్రభుత్వ ఉత్తర్వు మీద మచ్చ ఉండకూడదు.”

ఓక్-జూ ఖాళీగా ఉన్న చేతి బొటనవేలితో తుడిచింది. నాలుగు కణుపులూ ఒక్కసారిగా చురుక్కుమన్నాయి.

“అడిగాను కదా, అదేమిటి?” అన్నాడు బేక్.

“మేం పసిపాపలమని మళ్ళీ రాసిచ్చారు,” అంది ఓక్-జూ.

బేక్ కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించి, కుర్చీతో సహా లేచి, వంగి నమస్కరించాడు. జంట కొనసాగుతుందని ఆ భంగిమలోనే ప్రకటించాడు. మీ-రన్ వేలు వదిలి చెంచా అందుకుంది. నూకరత్నం గడియారం చూసి, పడుకునే వేళైందని చాప పరిచింది.

సర్వోత్తమరావు కళ్ళజోడు పెట్టుకుని, తాను పరిష్కరించిన సమస్యను ఆప్యాయంగా చూశాడు. “ఆ ఉత్తర్వు జాగ్రత్తగా దాచుకో పాపా. పొల్లు పోకుండా.”

“అలాగేనండి,” అంది ఓక్-జూ, నీలం బొటనవేలిని గుప్పిట్లో ముడుచుకుని.